అటక మీది కామిక్స్ పెట్టె దించి, కవర్లు ఒక్కొక్కటే చూసుకుంటూ లెక్క రాసుకోవడం ఎలా

చిన్నప్పుడు కామిక్స్ కొన్నవాళ్ల ఇంట్లో ఒక పెట్టె ఎక్కడో ఉండే ఉంటుంది, అటక మీదో మంచం కిందో. నా దగ్గర నాలుగొందల పైచిలుకు అమెరికన్ కామిక్స్ ఉన్నాయి. సగం అబిడ్స్‌లో ఆదివారం షాపులు మూసేసి ఉన్నప్పుడు ఫుట్‌పాత్ మీద పరిచే పాత పుస్తకాల్లో నాన్నా నేనూ గొంతుక్కూర్చుని ఏరుకున్నవి, మిగతా సగం న్యూజెర్సీలో ఉద్యోగం చేసిన ఏడేళ్లలో డాలర్‌కి ఒకటి లెక్కన కొన్నవి. పోయిన సంక్రాంతికి పెట్టెలన్నీ దించి మూడు రోజులు కూర్చుని కథ ఒక్కటి కూడా చదవకుండా ఉత్త కవర్లు మాత్రమే చూశాను, అలా చూస్తే ఎన్నెన్ని బయటపడ్డాయో, అందుకే ఆ పద్ధతి మొత్తం వరసగా ఇక్కడ రాస్తున్నా.

ముందే ఒక మాట. కామిక్ ఎప్పుడు వచ్చింది, బొమ్మ ఎవరు వేశారు, ఇవన్నీ ఎప్పుడు కావాలన్నా నెట్‌లో దొరుకుతాయి. గ్రాండ్ కామిక్స్ డేటాబేస్ అని 1994 నుంచి వాలంటీర్లు నడుపుతున్న సైట్ ఉంది, పేరూ నంబరూ కొడితే కవర్ బొమ్మతో సహా వచ్చేస్తుంది. కానీ ఆ కాపీ మీ చేతికి ఎక్కడ దొరికింది, ఎంతకి బేరమాడారు, పక్కన ఎవరున్నారు, ఇది మాత్రం మీ బుర్రలో తప్ప ఇంకెక్కడా లేదు, అది కూడా ఏటా కాస్త కాస్త చెరిగిపోతూ ఉంటుంది. కాబట్టి ఈ పని మొత్తంలో ముందు పట్టుకోవాల్సింది దాన్నే.

మొదటి పని: చోటు, చేతులు

పెట్టె దించగానే ఆత్రంగా తెరవకండి. అటక మీద ఎండాకాలం శ్లాబ్ వేడికి కాగీ కాగీ ఉంటాయి కదా, ఆ కాగితం పెళుసెక్కి ఉంటుంది. ఫ్యాన్ ఆపి, శుభ్రంగా ఉన్న పాత దుప్పటి పరిచి, చేతులు సబ్బుతో కడుక్కుని బాగా తుడుచుకుని కూర్చోండి. గ్లౌజులు అక్కర్లేదు, గుడ్డ గ్లౌజులతో పేజీ అంచు తెలియదు, చింపేసే ప్రమాదమే ఎక్కువ. కాఫీ గ్లాసు ఇంకో గదిలోనే ఉంచండి.

పుస్తకాన్ని పైనుంచి రెండు వేళ్లతో పట్టి లాగకుండా కింద అరచెయ్యి ఆనించి తీయాలి. మధ్యలో పిన్నులు తుప్పు పట్టి ఉంటే వాటిని పీకకండి, తుప్పు చుట్టూ కాగితం అప్పటికే బలహీనపడి ఉంటుంది, పీకితే కవర్ ఊడి చేతికొస్తుంది. పాత సెలోటేప్ కూడా అంతే. చిన్నప్పుడు నేను చిరుగులకి వేసిన టేపులు ఇప్పుడు గోధుమరంగు మరకలయ్యాయి, ఒకటి లాగితే రంగు కూడా టేపుతో పాటు లేచొచ్చింది, రెండోది ముట్టుకోలేదు.

చెదలు కానీ వెండిరంగు పురుగులు కానీ కనిపిస్తే ఆ పుస్తకాలు వేరే గదికి మార్చి విడిగా పెట్టండి, మిగతా పని తర్వాత.

రెండో పని: మీ జ్ఞాపకం ముందు, నంబర్లు తర్వాత

అందరూ చేసేది ఏంటంటే పెట్టె తెరవగానే నంబర్ల వారీగా సర్దడం మొదలెడతారు. దయచేసి ఆగండి. పెట్టెలో అవి ఏ వరసలో ఉన్నాయో ఆ వరసే ఒక సాక్ష్యం, ఏ పుస్తకం పక్కన ఏది ఉందో చూస్తే ఒకేరోజు కొన్నవి చాలావరకు పక్కపక్కనే దొరుకుతాయి. నేను వరస చెడకుండా ఒక్కొక్క కవర్ తీసి, ఫోన్‌లో వాయిస్ రికార్డర్ ఆన్ చేసి, గుర్తొచ్చింది గుర్తొచ్చినట్టు మాట్లాడాను. "ఇది అబిడ్స్, వానపడుతోంది, నాన్న గొడుగు నా మీద కాకుండా పుస్తకాల మీద పట్టారు" ఇలా. ఏమీ గుర్తు రాకపోతే రాలేదనే చెప్పి పక్కన పెట్టేయండి, బలవంతంగా కల్పించొద్దు, రెండు రోజుల తర్వాత వేరే కవర్ చూసినప్పుడు అదే గుర్తొస్తుంది.

కవర్ మీద మనుషుల గుర్తులు కూడా వెతకండి. అమెరికాలో పాత రోజుల్లో షాపువాళ్లు పత్రికలు వచ్చిన తేదీని కవర్ మీద పెన్సిల్‌తోనో రబ్బరు స్టాంపుతోనో వేసేవాళ్లు, అది కనిపిస్తే ఆ కాపీ పత్రికలు అమ్మే స్టాండ్‌లోకి వచ్చిన రోజు మీకు తెలిసిపోయినట్టే. ముందు ఓనర్ పిల్లాడు రాసుకున్న పేరు, సెకండ్‌హ్యాండ్ షాపు ముద్ర, మన దగ్గర పాత పుస్తకాలాయన పెన్సిల్‌తో వేసిన రేటు, వీటిని రబ్బరు పెట్టి చెరపకండి. కొనేవాళ్ల లెక్కలో అవి మచ్చలే అవ్వొచ్చు, నా లెక్కలో మాత్రం అవే ఆ పుస్తకం ఎక్కడెక్కడ తిరిగొచ్చిందో చెప్పేవి.

పైన మూడోవంతు కవర్ చించేసి ఉన్న కాపీ దొరికితే ఎవడో పాడు చేశాడని తిట్టుకోకండి. అమెరికాలో అమ్ముడుపోని కామిక్స్‌కి షాపువాళ్లు పుస్తకం మొత్తం వెనక్కి పంపకుండా, పేరున్న పైభాగం మాత్రం చించి పంపి డబ్బులు వాపస్ తీసుకునేవాళ్లు, మిగిలిన పుస్తకం పారేయాలి, కానీ కొన్ని అలాగే చేతులు మారిపోయేవి. నా దగ్గర అలాంటివి మూడున్నాయి, మూడూ అబిడ్స్‌వే.

మూడో పని: బొమ్మ కాకుండా దాని చుట్టూ ఉన్నది చదవడం

ఇది నాకు అన్నింటికంటే ఇష్టమైన భాగం. కవర్ తీసుకుని బొమ్మని కాసేపు పక్కనబెట్టి నాలుగు మూలలూ చూడండి.

ముందు ధర. సూపర్‌మ్యాన్ మొదటిసారి కనిపించిన యాక్షన్ కామిక్స్ 1, 1938 జూన్ తేదీతో వచ్చింది, ధర 10 సెంట్లు. ఆ 10 సెంట్లు 1961 దాకా అలాగే ఉంది, పేజీలు తగ్గిస్తూ వచ్చారు కానీ ధర పెంచలేదు. తర్వాత 12 సెంట్లు, 1969లో 15. 1971లో కొన్నాళ్లు 25 పెట్టి పేజీలు పెంచి చూశారు, అక్కడి రెండు పెద్ద పబ్లిషర్లలో మార్వెల్ వెంటనే 20కి దిగింది, డీసీ మరుసటి ఏడాది దిగింది. మార్వెల్ వాటి వరకు అయితే 1974లో 25, 1976లో 30, 1977లో 35, 1979లో 40, 1980లో 50, 1982లో 60 సెంట్లు. ఇది నోటికి వస్తే చాలు, తేదీ చిరిగిపోయిన కవర్ కూడా ఏ ఏడాదిదో దాదాపుగా చెప్పేయొచ్చు. సెంట్లకి బదులు పెన్స్ ఉంటే అది బ్రిటన్‌లో అమ్మడానికి వేసింది. అక్కడ 1971 ఫిబ్రవరిలో పాత షిల్లింగ్ లెక్క పోయి కొత్త పెన్స్ వచ్చాయి, ముందువాటికి గుర్తు డి, తర్వాతవాటికి పి, కాబట్టి అక్షరం చూసినా కాలం తెలుస్తుంది.

తర్వాత తేదీ. కవర్ మీద ఉన్న నెల, అది అమ్మకానికి వచ్చిన నెల ఒకటి కాదు, సాధారణంగా రెండు మూడు నెలలు ముందుకి వేస్తారు. తేదీ దాటితే షాపువాడు స్టాండ్ నుంచి తీసేస్తాడు కదా, ఇంకొంతకాలం నిలబడాలని అలా వేసేవాళ్లు. స్పైడర్‌మ్యాన్ మొదట వచ్చిన అమేజింగ్ ఫాంటసీ 15 మీద 1962 ఆగస్టు అని ఉంటుంది, షాపుల్లోకి వచ్చింది జూన్‌లో. కెప్టెన్ అమెరికా మొదటి సంచిక కవర్ మీద హీరో హిట్లర్ దవడ పగలగొడుతుంటాడు, తేదీ 1941 మార్చి, కానీ అమ్మకానికి వచ్చింది 1940 డిసెంబర్‌లో, అంటే అమెరికా యుద్ధంలోకి దిగడానికి దాదాపు ఏడాది ముందే జో సైమన్, జాక్ కిర్బీ ఆ బొమ్మ వేసేశారు. కవర్ మీద తేదీ ఒక్కటే చూస్తే ఆ తెగువ పూర్తిగా తెలియదు. మీ లిస్టులో ఈ రెండు నెలలకీ వేరే వేరే గళ్లు పెట్టుకోండి.

తర్వాత పైన చిన్న తెల్ల ముద్ర, సాధారణంగా కుడివైపు. అది కామిక్స్ కోడ్ ముద్ర. 1954లో కామిక్స్ పిల్లల్ని చెడగొడుతున్నాయని అమెరికాలో పెద్ద గోల జరిగి, సెనేట్ విచారణ దాకా వెళ్లాక, పబ్లిషర్లే కలిసి తమకి తాము ఒక సెన్సార్ పెట్టుకున్నారు, ఈ ముద్ర లేకపోతే పంపిణీదారులు ముట్టుకునేవాళ్లు కాదు. అందుకే అది లేని కవర్ దొరికితే ఆగి చూడాలి. అమేజింగ్ స్పైడర్‌మ్యాన్ 96, 97, 98 మీద ఆ ముద్ర లేదు, 1971లో ప్రభుత్వ ఆరోగ్యశాఖ అడిగిందని మార్వెల్ రచయిత స్టాన్ లీ మత్తుమందుల వల్ల వచ్చే అనర్థం మీద కథ రాస్తే కోడ్ వాళ్లు ఒప్పుకోలేదు, మార్వెల్ ముద్ర లేకుండానే వేసేసింది, ఆ ఏడాదే కోడ్ నిబంధనలు సడలించారు. మార్వెల్ 2001లో ఆ కోడ్‌ని పూర్తిగా వదిలేసింది, డీసీ 2011లో. నా దగ్గర 97 ఉంది, ముద్ర ఉండాల్సిన చోట ఖాళీ చూసి ఇన్నేళ్లూ గమనించనే లేదు అని చాలాసేపు అలాగే పట్టుకు కూర్చున్నా.

ఎడమవైపు పైమూల చూడండి. మార్వెల్ వాటికి 1963 నుంచి అక్కడ చిన్న డబ్బా ఉంటుంది, అందులో హీరో బొమ్మ, ధర, నంబరు. షాపుల్లో పుస్తకాలు ఒకదాని మీద ఒకటి సగం కప్పేసి ఉంటే కనిపించేది ఆ మూలే, అందుకని పెట్టారు, ఆలోచన ఆర్టిస్ట్ స్టీవ్ డిట్కోది అంటారు. డీసీ కవర్లకి 1966, 67లో పైన చదరంగం పట్టీలాగా నలుపు తెలుపు గళ్లు ఉంటాయి, అదీ దూరం నుంచి గుర్తుపట్టడానికే.

ఇక కింద బార్‌కోడ్ డబ్బా. ఇవి కవర్ల మీదకి వచ్చింది 1976లో. అప్పట్లోనే కామిక్స్ మాత్రమే అమ్మే షాపులు కూడా పెరుగుతున్నాయి, వాటికి వెళ్లే కాపీలు, మామూలు పత్రికల స్టాండ్‌కి వెళ్లే కాపీలు వేరుగా గుర్తుపట్టాలి, ఎందుకంటే కామిక్స్ షాపువాడు అమ్ముడుపోనివి వాపస్ ఇవ్వకూడదు. అందుకే 80ల్లో మార్వెల్ షాపు కాపీల్లో బార్‌కోడ్ స్థానంలో స్పైడర్‌మ్యాన్ తల బొమ్మ ఉంటుంది. అదే సంచిక, అదే బొమ్మ, ఆ ఒక్క చిన్న గడి తేడా. నా అబిడ్స్ పుస్తకాల్లో ఎక్కువ బార్‌కోడ్‌వే, న్యూజెర్సీలో కొన్నవాటిలో ఎక్కువ స్పైడర్‌మ్యాన్ తలవి.

అనుమానం వస్తే లోపల మొదటి పేజీ కింద సన్నక్షరాల్లో ప్రచురణ వివరాలు ఉంటాయి. కవర్ మీద పేరుకీ అక్కడి పేరుకీ తేడా ఉంటే అక్కడిదే అసలు పేరు అనుకుని రాసుకోండి.

నాలుగో పని: ఇప్పుడు బొమ్మ

ఒక కవర్‌కి రెండు నిమిషాలు ఇవ్వండి. నేను మూడు ప్రశ్నలు వేసుకుంటా: నా చూపు ముందు ఎక్కడ పడింది, అక్కణ్ణుంచి ఎటు వెళ్లింది, లోపల ఏం జరుగుతుందో ఎంత చెప్పి ఎంత దాచాడు.

ఉదాహరణకి ఫ్లాష్ అనే డీసీ హీరో పుస్తకం 123వ సంచిక, 1961 సెప్టెంబర్‌ది. మధ్యలో ఒక ఇటుక గోడ, దానికి అటూ ఇటూ ఇద్దరు ఫ్లాష్‌లు మనవైపే పరిగెత్తుకొస్తున్నారు, ఒకడు కొత్తవాడు, ఒకడు 40ల నాటి పాతవాడు, ముందు ఇనప దూలం మీదపడబోతున్న మనిషి. గోడ వల్ల ఒకడి సంగతి ఇంకొకడికి తెలియదు, మనకి మాత్రం ఇద్దరూ కనిపిస్తారు. కార్మైన్ ఇన్ఫాంటినో గీసి మర్ఫీ ఆండర్సన్ ఇంకు వేసిన బొమ్మ. వాళ్ల ఎడిటర్ జూలియస్ ష్వార్ట్జ్‌కి ఒక అలవాటు ఉండేది, చాలాసార్లు ముందు కవర్ గీయించి, తర్వాత దానికి తగ్గ కథ రాయించేవాడు. అది తెలిశాక ఆ కాలం డీసీ కవర్లు వేరేగా కనిపిస్తాయి, ప్రతిదీ ఒక చిక్కుముడి, ఎలా విప్పుతారో చూద్దాం అని కొనిపించేది. 1966 నాటి ఫ్లాష్ 163లో అయితే హీరో అరచెయ్యి మన మొహం మీదకి చాపి ఆగమంటాడు, ఈ సంచిక కొనకుండా వెళ్లకు నా ప్రాణం దీనిమీదే ఉంది అని. పదేళ్ల వయసులో ఫుట్‌పాత్ మీద ఆ చెయ్యి చూసి నేను నిజంగానే ఆగిపోయాను, నాన్న జేబులో బస్సు డబ్బులు పోను మిగిలింది దానికే అయిపోయింది.

గొడవ ఏదీ లేని కవర్లు కూడా చూడండి. 1979 నవంబర్ ఐరన్‌మ్యాన్ 128లో బాబ్ లేటన్ వేసింది, టోనీ స్టార్క్, అంటే ఐరన్‌మ్యానే, అద్దంలో చూసుకుంటున్నాడు, మాసిన గడ్డం, చెమట, పక్కన సీసా, అంతే. విలన్ లేడు, అద్దంలో ఉన్నవాడే విలన్. తాగుడు వల్ల ఇల్లు నాశనమవడం చూసిన వాళ్లకి ఆ మొహం ఎలా తెలుస్తుందో చెప్పక్కర్లేదు. చిన్నప్పుడు బోర్ అనిపించి అడుగున పడేసిన కవర్ ఇది, ఇప్పుడు నా దగ్గర ఉన్నవాటిలో మొదటి అయిదింటిలో పెడతా.

ఇక్కడ ఒక పొరపాటు చాలామంది చేస్తారు. లోపల బొమ్మలు వేసినాయనే కవర్ కూడా వేశాడనుకుంటారు. 70ల్లో మార్వెల్ కవర్లు గిల్ కేన్ బోలెడు వేశాడు, డీసీకి నీల్ ఆడమ్స్ వేశాడు, లోపల వేరేవాళ్లు. 1971 జనవరి సూపర్‌మ్యాన్ 233, ఛాతీ మీది గొలుసులు తెంచుకునే బొమ్మ, ఆడమ్స్‌దే, లోపల గీసింది కర్ట్ స్వాన్. అక్షరాలు రాసేవాళ్లు కూడా వేరే. ఐరా ష్నాప్, గాస్పర్ సాలడీనో లాంటివాళ్ల చేతిరాత వేల కవర్ల మీద ఉంది, పేరు మాత్రం వాటి మీద వేయలేదు. మీ లిస్టులో అక్షరాలవాళ్లకి కూడా ఒక గడి ఉంచండి, నా మాట విని.

అయిదో పని: జతలు కట్టడం

అన్నీ చూశాక నేలమీద పరిచి ఒకేలా ఉన్నవాటిని పక్కపక్కన పెట్టండి. నాకు దొరికిన మంచి జత: 1980 ఆగస్టు ఎక్స్‌మెన్ (మార్వెల్ హీరోల గుంపు) 136, అందులోని సైక్లాప్స్ చేతుల్లో వాలిపోయిన ఫీనిక్స్. 1985 అక్టోబర్‌లో డీసీ వాళ్ల క్రైసిస్ ఆన్ ఇన్ఫినిట్ ఎర్త్స్ ఏడో సంచిక, సూపర్‌మ్యాన్ చేతుల్లో చనిపోయిన సూపర్‌గర్ల్, జార్జ్ పెరెజ్ వేసింది. రెండూ చూస్తుంటే చర్చిల్లో కనిపించే ఏసుని ఒళ్లో పెట్టుకున్న మరియమ్మ బొమ్మ గుర్తొస్తుంది. అలాగే 1981 జనవరి ఎక్స్‌మెన్ 141, గోడమీద హీరోల ఫోటోలు, ఒక్కొక్కరి మీద చనిపోయారు, పట్టుబడ్డారు అని పట్టీలు, ముందు నెరిసిన జుట్టుతో వుల్వరిన్. జాన్ బైర్న్, టెర్రీ ఆస్టిన్ వేసిన ఆ గోడని తర్వాత ఎంతమంది మళ్లీ వేశారో, మీ పెట్టెలో ఒక్కటైనా ఉంటుంది వెతకండి.

90ల కవర్లు వేరే కుప్ప చేయండి, మెరిసేవి, రేకు అంటించినవి, చీకట్లో వెలిగేవి. 1991లో ఎక్స్‌మెన్ కొత్త ఒకటో సంచిక అయిదు కవర్లతో వచ్చి షాపుల ఆర్డర్లు 81 లక్షలు దాటాయి, అందులో నాలుగు పక్కపక్కన పెడితే జిమ్ లీ వేసిన ఒకే పెద్ద బొమ్మ అవుతుంది. అంత ఎక్కువ అచ్చయ్యాయి కాబట్టే ఈరోజుకీ చవగ్గా దొరుకుతాయి, అమ్ముకుని ఇల్లు కడదాం అనుకుని దాచినవాళ్లకి నిరాశే. 1992 నవంబర్‌లో సూపర్‌మ్యాన్ చనిపోయిన 75వ సంచిక నల్ల ప్లాస్టిక్ సంచిలో వచ్చింది, దానిమీద రక్తం కారుతున్న ఎస్ గుర్తు, లోపల చేతికి కట్టుకునే నల్ల పట్టీ. సంచి విప్పని కాపీ మీ దగ్గరుంటే విప్పాలా వద్దా? నేను విప్పాను. లోపలి కవర్ మీద సమాధి రాయి ఉంటుంది, ముప్పై ఏళ్లు నా దగ్గరే ఉండి నేను చూడని బొమ్మ.

ఆరో పని: ఫోటోలు, లిస్టు

ప్లాస్టిక్ కవర్లోంచి బయటికి తీశాకే ఫోటో తీయండి, లేకపోతే మెరుపు పడుతుంది. పొద్దున కిటికీ పక్కన నీడలో, ఫ్లాష్ లేకుండా, ఫోన్ సరిగ్గా పైనుంచి. స్కానర్ ఉంటే 600 డీపీఐ, మూత గట్టిగా నొక్కొద్దు, వెన్ను విరుగుతుంది. పసుపెక్కిన రంగుని ఫోన్‌లో తెల్లగా మార్చి సేవ్ చేస్తే చేయండి కానీ ఒరిజినల్ ఫైల్ అలాగే ఉంచండి. వెనక అట్ట కూడా తీయండి, ఆ ప్రకటనలు చూస్తుంటే ఆ కాలం మొత్తం కళ్లముందు ఉంటుంది.

లిస్టుకి మామూలు గూగుల్ షీట్ చాలు. పేరు, నంబరు, కవర్ నెల, అమ్మకానికి వచ్చిన నెల, ధర, కోడ్ ముద్ర ఉందా, బార్‌కోడా షాపు కాపీయా, కవర్ ఎవరు వేశారు, చిరుగులు, ఎక్కడ కొన్నా, ఎవరితో ఉన్నా. రికార్డ్ చేసిన మాటలు విని ఆఖరి రెండు గళ్లు నింపండి, వాయిస్ ఫైళ్లు మాత్రం డిలీట్ చేయొద్దు.

ఏడో పని: మళ్లీ లోపల పెట్టడం

ఈ కాగితం చవకరకం న్యూస్‌ప్రింట్, అందులో ఉన్న యాసిడ్ వల్లే పసుపెక్కుతుంది, ఎండా తేమా దాన్ని ఇంకా త్వరగా తినేస్తాయి. ఒక్కొక్క పుస్తకం వెనక యాసిడ్ లేని అట్టముక్క పెట్టి సంచిలో వేయాలి. పాలిప్రొపిలీన్ సంచులు పర్వాలేదు కానీ కొన్నేళ్లకోసారి మార్చాలి, మైలార్ అయితే చాలాకాలం ఉంటుంది, ఖరీదెక్కువ కాబట్టి బాగా ఇష్టమైన ఇరవై ముప్పైకి అవి వాడండి. బట్టల షాపుల్లో ఇచ్చే మెత్తటి పీవీసీ కవర్లు అస్సలు వద్దు, అవి రంగుకి అతుక్కుపోతాయి. 60ల కాపీలు ఇప్పటివాటికంటే కాస్త వెడల్పు, సంచి సైజు చూసి కొనండి, ఇరుకు సంచిలో దూరిస్తే అంచులు మడతపడతాయి.

పెట్టెలో నిలబెట్టి పెట్టండి, మరీ బిగించకుండా, మరీ వదులై వంగిపోకుండా. అటక మీదకి మళ్లీ ఎక్కించొద్దు, నేల మీదా వద్దు, బయటి గోడకి ఆనించొద్దు. బీరువాలో మధ్య అర మంచిది. కలరా ఉండలు, అదే డాంబర్ గోలీలు, పుస్తకాల మధ్య వేయకండి, ఆ ఆవిరి ప్లాస్టిక్‌ని మెత్తబరుస్తుంది, సిలికా జెల్ పొట్లాలు పెట్టండి. వైజాగ్, కాకినాడ లాంటి సముద్రం పక్క ఊళ్లలో ఉన్నవాళ్లు వాటిని ఇంకా తరచుగా మార్చాలి. విడిగా పెట్టిన పురుగు పట్టినవి ఉన్నాయి కదా, వాటిని గాలి చొరకుండా సంచిలో మూసి రెండు వారాలు డీప్ ఫ్రీజర్లో ఉంచండి, తీశాక సంచి వెంటనే విప్పకుండా ఒకరోజు బయటే ఉంచితే నీటి చెమ్మ సంచి మీదే ఆగిపోతుంది.

ఏ వరసలో పెట్టాలంటే, నేనైతే కొన్న ఏడాది వరసలోనే పెట్టాను, నంబర్ల వరస షీట్‌లో ఎలాగూ ఉంది. మొదటి పెట్టెలో అన్నిటికంటే ముందు ఫ్లాష్ 163, దాని సంచిలోనే వెనక ఒక చిన్న చీటీ, నాన్న చెప్పింది చెప్పినట్టు రాసి పెట్టాను, ఆరోజు ఇంటిదాకా నడిచే వచ్చామట, నాకు అది గుర్తే లేదు, చెయ్యి బొమ్మ చూపించగానే ఆయనకే గుర్తొచ్చింది. మీ ఇంట్లో పెద్దవాళ్లు ఉంటే పెట్టె మూసేముందు ఒక పది కవర్లు వాళ్ల ముందు పెట్టి అడగండి.